వెనకగా వచ్చే వేణువు

1999 జనవరి 31, ఆదివారం

ఉమ ఊదింది. గాలి మాత్రమే వచ్చింది.

మళ్లీ ఊదింది. పెదవి ఎడమ మూల నుంచి గాలి జారిపోతోంది. పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్లు వాటంతటవే చీర మీద పడ్డాయట. నవ్వుతూ చెప్పబోయింది. నవ్వు సగం మొహానికే వచ్చింది. అప్పుడు చూశాను, ఎడమ కన్ను మూతపడటం లేదు.

వాళ్లాయన శ్రీనివాసరావు గారు స్కూటరు తీశారు. నేను వెనక ఆటోలో వెళ్లాను. ఫేషియల్ పాల్సీ అన్నాడు డాక్టరు. పక్షవాతం కాదు, నరం వాచింది, చాలామందికి తగ్గిపోతుంది, వారాలు పట్టచ్చు, నెలలు పట్టచ్చు, అంతవరకూ వేణువు ముట్టుకోవద్దు అన్నాడు. ఉమకి ఆ చివరి మాట ఒక్కటే వినిపించినట్టుంది.

కాకినాడలో ఒకే మాస్టారి దగ్గర ఒకే చాప మీద నేర్చుకున్నాం. రేడియోలో అయినా సభలో అయినా ఉమాశ్రీ, నాగేశ్వరి అని ఇద్దరినీ కలిపే పిలిచేవారు. పెళ్లయి తను లింగంపల్లి వచ్చేసింది. తర్వాత ఉద్యోగం దొరికి నేనూ ఈ ఊరొచ్చాను. ఉద్యోగం కోసం వచ్చానని అందరికీ చెబుతాను. ఉమ ఇక్కడ లేకపోతే వచ్చేదాన్ని కాదు.

ప్రతి ఆదివారం ఇద్దరం కలిసి వాయిస్తాం. ఈ ఆదివారం మోహన రాగం అనుకున్నాం.

ఫిబ్రవరి 3, బుధవారం

హెడ్‌ఫోన్స్‌లో అమెరికా డాక్టరు ఎవరో "లెఫ్ట్ ఫేషియల్ డ్రూప్" అన్నాడు, అంటే మొహం ఎడమ పక్క వాలిపోవడం. అక్కడి డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపింది విని టైపు చేయడమే నా ఉద్యోగం, రోజూ ఇలాంటివి వందలు. ఇవాళ వాయిస్ నడిపే పెడల్ మీద నుంచి కాలు దానంతటదే లేచింది. వాయిస్ ఆగిపోయింది. పక్క సీటమ్మాయి సిస్టమ్ హ్యాంగయిందా అని అడిగింది. అవునన్నాను.

ఫిబ్రవరి 9, మంగళవారం

మా టీమ్ లీడ్ ఉదయ్ భాస్కర్ పిలిచాడు. ఏప్రిల్ పదిన కంపెనీ యాన్యువల్ డే. సైబర్ టవర్స్‌లోకి మారాక మొదటిది కాబట్టి గ్రాండ్‌గా ఉండాలట. మీ ఫ్లూట్ డుయెట్ పెట్టేశాం మేడమ్, కొంచెం ఫ్యూజన్ టైపులో ఉండాలి అన్నాడు. ఉమ సంగతి చెప్పాను. సారీ అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. వెంటనే, అయితే సోలో చేసేయండి అన్నాడు.

సోలో. ఆయన నోట్లో ఎంత తేలిక మాట!

ఆలోచించి చెబుతానన్నాను. బయటికొచ్చేసరికి కిటికీ అవతల బండలు పేలుస్తున్నారు. అద్దం అదిరింది. ఎవరూ తల తిప్పలేదు.

ఫిబ్రవరి 14, ఆదివారం

ఉమ అద్దం ముందు కూర్చుని ప, బ, మ అంటోంది. పెదాలు కలవాలి. కలవడం లేదు. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకెందుకే కొంగు అన్నాను. తియ్యలేదు.

యాన్యువల్ డేకి రానని చెప్పేస్తున్నానన్నాను. కోపం వచ్చింది దానికి. "నా మూతి వంకరపోతే నీ వేళ్లు కూడా పడిపోయాయేంటే?" అంది. ఆ మాటలోనూ పకారం జారింది. "వాయించు. నువ్వు మానేస్తే నావల్లే మానేశావని జన్మంతా అనుకోవాలి నేను. ఆ బరువు నామీద పెట్టకు" అంది.

సరేనని వచ్చాను. సాయంత్రం నా గదిలో తలుపేసుకుని ఒక్కదాన్నే మొదలుపెట్టాను. మొదటి సంగతి బాగానే వచ్చింది. రెండోది సగంలో తెగింది. మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ అక్కడే. చాలాసేపటికి అర్థమైంది. అక్కడ నేను ఊపిరి తీసుకుంటాను. ఉమ నిలబెడుతుంది. తను తీసుకునేచోట నేను నిలబెడతాను. ఇన్నేళ్లలో ఒక్కదాన్నే అయితే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నేను నేర్చుకోనే లేదు.

ఫిబ్రవరి 21, ఆదివారం

మదీనాగూడలో హైవే మీద, టైర్ల షాపు వెనక బుల్లిబాబు గారి సౌండ్ షాపు. పెళ్లిళ్లకి మైకులు అద్దెకిస్తాడు. వెనక చిన్న రికార్డింగ్ గది, గోడలకి పాత కార్పెట్లు. అమలాపురం మనిషి. నేను కాకినాడ అనగానే "ఆయ్, మనోళ్లేనండి" అని ముందు కాఫీ తెప్పించాడు.

నా బాధంతా చెప్పాను. రెండో వేణువు కావాలన్నాను. ఆయన నవ్వలేదు. లోపలికెళ్లి నల్లటి పెట్టె తెచ్చాడు. హార్మొనైజర్. మైకులో ఊదితే ఆ స్వరాన్నే పైకో కిందికో జరిపి రెండో గొంతుగా పలికిస్తుందట. మద్రాసు స్టూడియోలో పనిచేసినప్పుడు కొన్నాడట. గిటారు వాళ్ల కోసం చేసిందండి ఇది, ఊదే వాయిద్యాలతో మొండికేస్తుంది అని ముందే చెప్పాడు.

మొండికేసింది. మైకు నోటి దగ్గర పెడితే నా ఊపిరి చప్పుడు కూడా స్వరమే అనుకుని గురకలా ఏదో పలికింది. మైకుని వేళ్ల వైపుకి జరిపాడు. అప్పుడు కాస్త దారికొచ్చింది. ముందు ఒక స్థాయి కింద పెట్టి చూశాం. జలుబు చేసిన పెద్దమనిషి నా వెనక నిలబడి కూనిరాగం తీస్తున్నట్టుంది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

నవ్వి ఎన్నాళ్లయిందో.

ఫిబ్రవరి 28, ఆదివారం

థర్డ్ పెట్టాం ఇవాళ. సినిమా రీరికార్డింగుల్లో అందరూ వాడేది ఇదేనండి, గాంధారం దూరంలో రెండో గొంతు, వినసొంపుగా ఉంటుంది అన్నాడు బుల్లిబాబు.

షడ్జం ఊదాను. పైన గాంధారం పలికింది. గుళ్లో దీపం వెలిగించినట్టు గదంతా నిండింది. రిషభం ఊదాను. ప్రతిమధ్యమం పలికింది. మోహనలోకి మధ్యమం ఎక్కడిది? పెట్టెకి రాగం తెలీదు, దూరం మాత్రమే తెలుసు. ఎంత దూరం చెబితే అంత దూరంలో ప్రతి స్వరానికీ గుడ్డిగా నడుస్తుంది.

మేజర్ స్కేల్ అని చెబితే దానికి తగ్గట్టు సర్దుకుంటుందండి అని ఇంకో బటన్ నొక్కాడు. కొంచెం నయం. అయినా శుద్ధమధ్యమం, నిషాదం వస్తూనే ఉన్నాయి. మా మాస్టారు వింటే చాప చుట్టేసేవారు.

ఆఫీసువాళ్లు వీటిని పట్టుకోగలరా? పట్టుకోలేరు. నేను పట్టుకుంటాను. ఉమ పట్టుకుంటుంది.

మార్చి 2, మంగళవారం

పెట్టె ఇంటికి తెచ్చుకున్నాను. ఆఫీసు నుంచి రాగానే పెట్టుకుని కూర్చున్నాను. కింద వాటాలో ఉండే ఇంటావిడ కొమురమ్మ గారు మెట్లెక్కి వచ్చి గదంతా చూసింది. "ఎవరొచ్చిండ్రు బిడ్డా? ఇద్దరు ఊదుతున్నట్టు ఇనబడుతుంది?" అంది.

ఎవరూ రాలేదండీ, మిషన్ అన్నాను.

"ఇగ నేను చుట్టమొచ్చిండేమో అని సంబరపడ్డ" అంది. చేతిలో రెండు గిన్నెలున్నాయి, ఇద్దరికీ తెచ్చింది. రెండూ నాకే ఇచ్చి వెళ్లింది. 

మార్చి 14, ఆదివారం

మాన్యువల్ మూడుసార్లు చదివాను. ఏ స్వరానికి ఏ స్వరం తోడుండాలో మనమే చెప్పుకునే వీలుంది. ఈ వారమంతా ఒక్కొక్కటే నింపాను. సకి గ. రికి ప. గకీ ప. పకి పై స. దకి పై రి. మోహన దాటి బయటికి పోదు ఇక.

ఇవాళ బుల్లిబాబుకి వినిపించాను. "తిరుగులేదండి" అన్నాడు. నిజమే, ఒక్క తప్పు స్వరం లేదు. నిలువు స్వరాలకి ముత్యాల్లా పలికింది. కానీ గమకం వేయగానే దొరికిపోయింది. నేను గాంధారం నుంచి పంచమానికి జారుతుంటే అది కదలకుండా చూస్తూ నిలబడింది. తర్వాత ఒక్క గెంతు గెంతింది. మెట్టు తప్పిన మనిషిలా. గమకం మానేసి వాయించండి, ఫ్యూజనే కదా అన్నాడు ఆయన.

గమకం తీసేస్తే నా దగ్గర మిగిలేది ఊపిరే. అది ఎలాగూ చాలట్లేదు.

మార్చి 16, మంగళవారం, పొద్దున ఆరున్నర

దొరికింది.

నేను ఇన్నాళ్లూ వేరే స్వరం వెతుకుతున్నాను. ఉమ ఎప్పుడు వేరే స్వరం వాయించింది? ఇద్దరం ఒకటే స్వరం కదా వాయించేది. దూరాన్ని సున్నా చేశాను. డీట్యూన్ కొద్దిగా పెట్టాను, శ్రుతికి వెంట్రుకవాసి తేడా. రెండు వేణువులు ఎప్పుడూ పూర్తిగా కలవవు కదా. అయినా అది నా నీడలాగే ఉంది. అప్పుడు డిలే నాబ్ తిప్పాను. కొంచెం. ఇంకొంచెం.

ఉమ వచ్చింది.

ఉమ ఎప్పుడూ ఒక్క పిసరు వెనకగా అందుకుంటుంది. నేను ఎత్తుకున్నది విన్నాక, అది నచ్చినట్టు తలూపి, అప్పుడు వస్తుంది. అందుకు మాస్టారు తిట్టేవారు. నేను వేదిక మీద పక్కచూపు చూసేదాన్ని. వరసగా ఇరవై ఏళ్లు చూశాను. ఆ వెనకబాటు ఎంతో నా ఒంటికి తెలుసు. నాబ్ అక్కడికి రాగానే చెయ్యి ఆగింది.

గమకం వేస్తే అదీ జారింది, నా వెనకే, మెత్తగా. నేను ఆగితే అది ఒక్క క్షణం నిలిచి ఆగుతోంది. ఆ క్షణంలో ఊపిరి అందుతోంది. మొత్తం వాయించాను, ఎక్కడా తెగకుండా. కళ్లనీళ్లు కారి వేణువు మీద వేళ్లు జారాయి. ఆఫీసు వ్యాన్ హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

మార్చి 21, ఆదివారం

ఉమ దగ్గరికి వెళ్లలేదు. తలనొప్పి అని కొమురమ్మ గారి ఫోన్ నుంచి చెప్పాను. రోజంతా వాయించుకున్నాను. 

మార్చి 28, ఆదివారం

ఇవాళా వెళ్లలేదు. ఇవాళ ఫోన్ కూడా చేయలేదు.

ఏప్రిల్ 4, ఆదివారం

వాయిస్తూ వాయిస్తూ తల తిప్పితే గుమ్మంలో ఉమ. ఎంతసేపటి నుంచి నిలబడిందో! కొమురమ్మ గారు కిందే చెప్పిందట, పైకి పో బిడ్డా, నాగేశ్వరి మిషన్‌తోని ముచ్చట పెడుతుంది అని.

మొహం చాలావరకు నయం. కన్ను మూతపడుతోంది. కొంగు లేదు. వచ్చి పెట్టె ముందు కూర్చుంది. వాయించు, ఆపావేం అంది. వాయించాను. కళ్లు మూసుకుని విన్నది. బాగుంది, ఎలా చేశావే అని అడిగింది. చెప్పాలనే అనుకున్నాను, సంతోషంగానే. ఇది దూరం, సున్నాలో ఉంది. ఇది శ్రుతి తేడా. ఇది ఎంత పాలు కలవాలో.

"మరి ఇదో?"

డిలే అన్నాను. అంటే ఆలస్యం. 

ఆ నాబ్ మీద వేలు పెట్టింది. తర్వాత, "ఎందుకు ఆలస్యం?" అంది. నేను వేణువు తుడవడం మొదలుపెట్టాను. దానికి అర్థమైంది. ఇంకెవరికి అర్థమవుతుంది?

"నేనింత వెనక ఉంటానా?" అంది.

ఉంటావు అన్నాను. ఎందుకన్నానో. అబద్ధం చెప్పి ఉండచ్చు. అదే నాకు కావాలి ఉమా, అది లేకపోతే వాయించలేకపోతున్నాను అని చెప్పి ఉండచ్చు. ఉంటావు అని మాత్రం అన్నాను.

నాబ్‌ని తనే సున్నాకి తిప్పి వాయించమంది. వాయించాను. పల్చగా, ఒక్క వేణువే అయింది. "ఇప్పుడే సరిగ్గా ఉంది కదే, ఇద్దరూ కలిసి వస్తున్నారు" అంది. తల అడ్డంగా ఊపాను. మళ్లీ అక్కడికే తిప్పి, "ఉండనీ, నీకు అలవాటయింది" అంది.

కాఫీ కలిపాను. కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఒక పక్క నుంచి కారుతుందేమోనని తాగలేదనుకున్నాను. అందుకు కాదు.

ఏప్రిల్ 10, శనివారం

బాగా జరిగింది.

బుల్లిబాబు స్వయంగా వచ్చి మైకు పెట్టాడు. ఏసీకి వేణువు శ్రుతి దిగింది, చేతుల్లో రుద్ది వేడి చేసుకున్నాను. కళ్లు మూసుకున్నాను. ఎడమ పక్కన ఉమ. ఎప్పటిలాగే వెనకగా. ఊపిరి ఎక్కడా తెగలేదు. ఒక్కదాన్నే కూర్చుని మొత్తం వాయించాను. జనం లేచి చప్పట్లు కొట్టారు.

కళ్లు తెరిస్తే ఎడమ పక్కన ఖాళీ కుర్చీ కూడా లేదు. పెట్టలేదు కదా ఎవరూ.

ఉమ చివరి వరుసలో శ్రీనివాసరావు గారి పక్కన ఉంది. రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతోంది. దిగి వెళ్లేలోపు ఉదయ్ భాస్కర్ అడ్డం వచ్చి చేతులు పట్టుకున్నాడు. "మేడమ్, ఇద్దరు వాయిస్తున్నట్టే ఉంది! అసలు ఇంకొకరు అక్కర్లేదు. మీరొక్కరు చాలు" అన్నాడు. గట్టిగా అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆయన భుజం మీద నుంచి చూస్తే ఉమ రెండు అడుగుల దూరంలో ఉంది, నన్ను అభినందించడానికి వస్తూ.

వచ్చింది. అభినందించింది. భోజనానికి ఉండలేదు.

ఏప్రిల్ 11, ఆదివారం

పెట్టె బుల్లిబాబుకి ఇచ్చేశాను. ఉంచుకోండి, నాకిక్కడ బూజు పట్టిపోతుంది అన్నాడు. వద్దన్నాను.

మే 9, ఆదివారం

ఫోన్ చేస్తే శ్రీనివాసరావు గారే ఎత్తుతున్నారు. పూర్తిగా తగ్గిందట. సాధన చేస్తోందట, పొద్దునా సాయంత్రం, తలుపేసుకుని. పిలవనా అన్నారు. వద్దులెండి, సాధన పాడవుతుంది అన్నాను. వెనక ఏదో టిక్కు టిక్కుమంటోంది. లయ తప్పకుండా తాళం కొట్టే మెట్రోనోమ్ కొనిపించుకుందట.

మే 30, ఆదివారం

వేణువుకి నూనె రాశాను. వాయించలేదు.

జూన్ 20, ఆదివారం

ఉమ పిలిచింది. వేణువు పట్టుకు రా అంది. లింగంపల్లి దాకా బస్సులో నిలబడే వెళ్లాను, కూర్చుంటే ఆలస్యమవుతుందన్నట్టు.

చాప వేసింది. నవ్వింది, నిండుగా, రెండు వైపులా. మోహన అంది. నేను ఎత్తుకున్నాను. తనూ ఎత్తుకుంది.

నాతోపాటే. సరిగ్గా నాతోపాటే. పిసరంత కూడా వెనక లేదు. నేను జారితే జారింది, నేను ఆగితే ఆగింది. ఆగినచోటల్లా ఇద్దరం ఒకేసారి ఊపిరి పీల్చాం. మధ్యలో ఖాళీ మిగిలింది. నా చెవికి ఉమ దొరకలేదు. లావుపాటి ఒక్క వేణువు వినబడింది, అది ఎవరిదో తెలీలేదు.

అయ్యాక దాని మొహం చూడాలి. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లలా ఉంది. "ఇప్పుడు చెప్పు" అంది.

చాలా బాగుందే అన్నాను.

జూలై 18, ఆదివారం

ఉమ రేడియోకి సోలో ఆడిషన్ పెట్టుకుంటోంది. మెల్లగా చెప్పింది, నాకు దెబ్బ తగలకుండా. నువ్వు ఎలాగూ ఒక్కదానివే చేయగలవు, నీకు మిషన్ ఉంది, నేనూ చేయగలనో లేదో చూసుకోవాలి కదే అంది.

మిషన్ ఇచ్చేశానన్నాను. తెలియదు దానికి.

అప్పుడు ఇక ఆగలేకపోయాను. నువ్వు వెనకగా వస్తేనే నాకు నువ్వు వినబడేదానివి, ఆ రోజు పెట్టెలో పెట్టుకున్నది నీ తప్పుని కాదు, నిన్ను అన్నాను. ఇప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నా నాకు దొరకడం లేదన్నాను. ఏడుస్తూ అన్నాను, ఎంత అర్థమైందో.

నా చేతి మీద చెయ్యి వేసింది. "ఇరవై ఏళ్లు పక్కచూపులు చూశావు కదే. ప్రతి కచేరీలో ఆ చూపు ఎప్పుడొస్తుందా అని భయపడుతూ వాయించాను. ఈ మాట ఒక్కసారి, ఒక్కసారి ముందు చెప్పకపోయావా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

మళ్లీ అలాగే వాయించవా అని అడిగాను.

ప్రయత్నించింది. నా ముందే, చాప మీద. కావాలని ఆలస్యంగా వచ్చింది. అది వేరే. ఇద్దరికీ తెలిసింది. వేణువులు కింద పెట్టేశాం.

బస్టాపు దాకా వచ్చింది. బస్సు కదిలేదాకా నిలబడింది.

అక్టోబరు 12, మంగళవారం

రేడియో ఆడిషన్‌లో ఉమకి సోలో గ్రేడ్ వచ్చింది. ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం, మామూలుగానే మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టాక హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ఎవరో డాక్టరు ఎవరిదో గుండె గురించి చెబుతున్నాడు. పెడల్ నొక్కాను.

డిసెంబరు 7, మంగళవారం

ఉమ కచేరీ రేడియోలో వచ్చే టైముకి వ్యాన్‌లో ఉన్నాను. సినిమా పాటలు మార్చమని డ్రైవర్ ఓదెలుని అడిగాను. మార్చాడు. మోహన. మాదాపూర్ బండల దగ్గర గరగరమంది, మళ్లీ వచ్చింది.

"మీవోళ్లా మేడమ్?" అన్నాడు.

అవునన్నాను.

కాసేపు విన్నాడు. "ఇద్దరా, ఒక్కరేనా?"

ఒక్కతే అన్నాను.